.22 రైఫిల్‌లో మ్యాగజైన్ సరిగ్గా కూర్చోకపోవడం, తూటా అందకపోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో .22 రైఫిల్‌తో పరిచయం ఉన్నవారిలో కొందరు ఎన్.సి.సి. క్యాంపుల్లో మొదటిసారి గురి చూసినవారు, కొందరు పోటీల కోసం సాధన చేసేవారు, మరికొందరు తండ్రి వాడిన రైఫిల్‌ను తమ పేరిట లైసెన్సు చేయించుకుని జాగ్రత్తగా దాచుకున్నవారు. వీరందరి నుంచీ నేను ఎక్కువగా వినే ఫిర్యాదు ఒక్కటే: బోల్ట్ (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) ముందుకు తోస్తే తూటా చాంబర్‌లోకి (గొట్టం వెనుక తూటా కూర్చునే చోటులోకి) వెళ్ళడం లేదు. అలా అడిగినవారికి ఇన్నేళ్ళుగా ఇచ్చిన జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఇవన్నీ చేతితో బోల్ట్ లాగే, విడదీయగల పెట్టె మ్యాగజైన్ (తూటాలు నింపే చిన్న పెట్టె) ఉన్న రైఫిళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

పరీక్ష మొదలుపెట్టే ముందు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

మ్యాగజైన్ తీసి పక్కన పెట్టండి. బోల్ట్ పూర్తిగా వెనక్కి లాగి, చాంబర్ ఖాళీగా ఉందో లేదో కంటితో చూడండి, తర్వాత చిటికెన వేలితో తడిమి చూడండి. అసలు తూటాలను ఆ గదిలోనే ఉంచకండి. తూటా ఎలా ఎక్కుతోందో ఇంట్లో చూడాలంటే మందు, ప్రైమర్ (దెబ్బ తగలగానే పేలి మందును అంటించే భాగం) లేని డమ్మీ తూటాలనే వాడాలి. అసలు తూటాతో పరీక్షించడం ఫైరింగ్ రేంజ్‌లో, గొట్టం లక్ష్యం వైపు ఉన్నప్పుడు మాత్రమే జరగాలి.

.22 విషయంలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. పెద్ద తూటాల్లో ప్రైమర్ అడుగున మధ్యలో ఉంటుంది. .22 లాంటి రిమ్‌ఫైర్ తూటాలో పేలే పదార్థం అడుగు అంచు లోపల చుట్టూ పరచుకుని ఉంటుంది, కాబట్టి ఆ అంచుకు ఎక్కడ గట్టి దెబ్బ తగిలినా తూటా పేలవచ్చు. ఇరుక్కుపోయిన తూటాను స్క్రూడ్రైవర్ మొనతో అంచు పట్టి పెకలించడం, గొట్టం ముందు నుంచి కడ్డీతో పొడవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి. తూటా చాంబర్‌లో బిగుసుకుపోయి బోల్ట్‌తో రాకపోతే, గొట్టాన్ని సురక్షితమైన వైపు ఉంచి రేంజ్ అధికారికి చెప్పండి. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే కనీసం 30 సెకన్లు గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి, ఆ తర్వాతే బోల్ట్ తెరవండి.

ఇతర తూటాల కన్నా .22 తూటాకు మ్యాగజైన్‌లో ఇబ్బంది ఎందుకు ఎక్కువ?

ఈ తూటా నిర్మాణమే అందుకు కారణం. .22 లాంగ్ రైఫిల్ తూటా 1887లో రూపుదిద్దుకుంది. దాని మొత్తం పొడవు సుమారు 25.4 మిల్లీమీటర్లు, ఒంటి వ్యాసం 5.7 మిల్లీమీటర్లు, అడుగు అంచు వ్యాసం 7.1 మిల్లీమీటర్లు. అంటే అడుగు అంచు ఒంటి కన్నా బయటికి పొడుచుకుని వస్తుంది. తూటాలను ఒకదానిపై ఒకటి పేర్చినప్పుడు అంచులు ఒకదానికొకటి అడ్డుపడకుండా వాటిని కొద్దిగా ఏటవాలుగా అమర్చాలి. మ్యాగజైన్ పెట్టె ముందుకు వంగినట్టు కనిపించడానికి కారణం ఇదే.

దీనికి తోడు ఈ తూటా కొనన ఉండే బుల్లెట్ (లక్ష్యం వైపు ఎగిరిపోయే భాగం) మెత్తని సీసం. చాలా రకాల్లో దానిపై మైనం పూత కూడా ఉంటుంది. చాంబర్ అంచుకు కాస్త తగిలినా సీసం చెక్కుకుపోతుంది, మైనం దుమ్మును పట్టుకుంటుంది. ఇంత చిన్న, ఇంత మెత్తని వస్తువును స్ప్రింగ్ పైకి నెట్టాలి, మ్యాగజైన్ పెదవులు (పైన లోపలికి మడిచిన రేకు అంచులు) సరైన కోణంలో పట్టి ఉంచాలి, బోల్ట్ సరైన క్షణంలో విడిపించి తీసుకుపోవాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి అర మిల్లీమీటరు తప్పినా పని చెడుతుంది.

తప్పు మ్యాగజైన్‌దో రైఫిల్‌దో ఎలా తెలుసుకోవాలి?

ఎవరైనా మొదట చేయవలసిన పని ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. అదే రైఫిల్‌కు సరిపోయే మరో మ్యాగజైన్ దొరికితే దానితో ప్రయత్నించండి. రెండో మ్యాగజైన్‌తో ఇబ్బంది లేకపోతే మొదటిదానిలోనే లోపం ఉంది. రెండింటితోనూ అదే ఇబ్బంది వస్తే చాంబర్, ఎక్స్‌ట్రాక్టర్ (పేలిన తూటా ఖాళీ కేసును పట్టి బయటికి లాగే కొక్కెం), మ్యాగజైన్ కూర్చునే గూడు వైపు చూడాలి. మ్యాగజైన్ లేకుండా ఒక్కొక్క తూటా చేతితో చాంబర్‌లో పెట్టి, బోల్ట్ సాఫీగా మూసుకుంటోందో లేదో కూడా గమనించాలి.

ఒకేసారి రెండు మార్పులు చేయకండి. స్ప్రింగ్ మార్చి, అదే రోజు తూటాల కంపెనీ కూడా మారిస్తే, బాగుపడింది దేనివల్లో మీకు ఎప్పటికీ తెలియదు. ఒక చిన్న నోటుపుస్తకంలో మ్యాగజైన్ నంబరు, తూటా రకం, ఎన్నో తూటా దగ్గర ఆగింది, బుల్లెట్ మొన ఎటు తిరిగి ఆగింది అని రాసుకోండి. నాకు ఈ పని నేర్పిన గురువుగారు ఎన్.సి.సి. క్యాంపుల్లో ఆర్మరర్‌గా (ఆయుధాలను చూసుకునే, బాగుచేసే ఉద్యోగిగా) పనిచేసి రిటైరైనవారు. ఎవరు రైఫిల్ తెచ్చినా ఆయన నోటి నుంచి వచ్చే మొదటి మాట, "ఆగిన తూటాను పీకేయవద్దు నాయనా, ముందు అది ఎట్లా ఆగిందో నాకు చూపించు." ఆగిన తీరులోనే సగం జవాబు దొరుకుతుంది.

మ్యాగజైన్ గూటిలోకి వెళ్తోంది కానీ 'టక్' మని పట్టు పడడం లేదు. ఏం చేయాలి?

ముందు ఎక్కడ రాసుకుంటోందో కనిపెట్టాలి. మ్యాగజైన్ నాలుగు ముఖాలకూ నల్ల మార్కర్ పెన్నుతో పల్చగా రంగు పూసి, ఆరిన తర్వాత నాలుగైదు సార్లు గూటిలో పెట్టి తీయండి. రంగు ఎక్కడ చెరిగిందో అక్కడే రాపిడి ఉంది. మా గురువుగారు మార్కర్ వాడేవారు కాదు. ప్రమిద వెలిగించి, ఆ మంట మీద మ్యాగజైన్ ఖాళీ పెట్టెను ఒక్క క్షణం తిప్పి మసి పట్టించేవారు. ఆ మసి మీద వెంట్రుకంత గీత కూడా స్పష్టంగా కనిపించేది.

గీత కనిపించినంత మాత్రాన ఆకురాయి తీసుకోకూడదు. రాపిడికి కారణాలు చాలా ఉంటాయి. గూటి మూలల్లో ఎండిపోయిన నూనె, దుమ్ము ముద్దగా పేరుకుని ఉండవచ్చు. మ్యాగజైన్ ఎప్పుడో నేలమీద పడి దాని అడుగు పలక అంచు కాస్త వంగి ఉండవచ్చు. చెక్క స్టాక్ (భుజానికి ఆనించే, రైఫిల్‌ను మోసే భాగం) ఉన్న రైఫిళ్ళలో ఇంకో కారణం ఉంది, దాన్ని మన ప్రాంతంవారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు పడే రోజుల్లో గాలిలోని తేమకు చెక్క ఉబ్బుతుంది, మే నెల ఎండలకు ఆరి కుంచించుకుపోతుంది. వేసవిలో సులువుగా దిగిన మ్యాగజైన్ కార్తీక మాసంలో బిగుతుగా దిగితే చెక్కనే అనుమానించండి.

స్టాక్‌ను, రైఫిల్ శరీరాన్ని కలిపే స్క్రూలను అతిగా బిగించినా గూడు స్థానం తప్పుతుంది. స్క్రూలను సగం చుట్టు వదులు చేసి మ్యాగజైన్ పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఆ స్థితిలో కాల్చకూడదు. కారణం తెలుసుకోవడానికి మాత్రమే అలా చేసి, మళ్ళీ సమంగా బిగించాలి.

మ్యాగజైన్ గూటిలో కొద్దిగా ఊగుతోంది. అది లోపమా?

కొద్దిపాటి కదలిక అన్నిటిలోనూ ఉంటుంది, దాని గురించి కంగారు పడనక్కరలేదు. మ్యాగజైన్‌ను వేలితో కిందికి లాగి పట్టినప్పుడు, పైకి నొక్కి పట్టినప్పుడు డమ్మీ తూటా ఎక్కే తీరులో తేడా ఉంటే మాత్రం అది లోపమే. పైకి నొక్కితే ఎక్కుతూ, వదిలేస్తే ఎక్కకపోతే మ్యాగజైన్ ఉండవలసిన ఎత్తు కన్నా కిందికి వేలాడుతోందని అర్థం. పట్టు కొక్కెం అరిగిందో, దాని స్ప్రింగ్ బలహీనపడిందో, మ్యాగజైన్ మీద కొక్కెం పట్టే గాడి గుండ్రంగా అరిగిపోయిందో చూడాలి.

బోల్ట్ తూటాను పట్టుకోకుండా పైనుంచి జారిపోతోంది. ఎందుకు?

ఇది చదివేవారు ముందు తమ చేతిని పరీక్షించుకోవాలని నా విన్నపం. బోల్ట్‌ను చివరిదాకా వెనక్కి లాగకుండా మధ్యలోనే ముందుకు తోస్తే, బోల్ట్ ముఖం తూటా అంచు వెనక్కి చేరదు, దాని మీదుగానే వెళ్ళిపోతుంది. పడుకుని కాల్చేటప్పుడు, రైఫిల్ భుజం మీదనుంచి కదలకూడదన్న జాగ్రత్తలో, కొత్తవారు తమకు తెలియకుండానే బోల్ట్‌ను పొట్టిగా లాగుతారు. మ్యాగజైన్ మార్చినా, స్ప్రింగ్ మార్చినా ఈ తప్పు పోదు.

చేతిలో తప్పు లేదని తేలితే, మ్యాగజైన్ ఎత్తు తక్కువగా ఉందా అన్నది పైన చెప్పిన పద్ధతిలో చూడండి. అదీ కాకపోతే తూటాలను పైకి నెట్టే పలక పెట్టెలో సాఫీగా కదులుతోందో లేదో చూడండి. ఖాళీ మ్యాగజైన్‌లో ఆ పలకను ఒక పుల్లతో నెమ్మదిగా కిందికి నొక్కి వదిలినప్పుడు అది ఎక్కడా ఆగకుండా పైకి రావాలి. మధ్యలో తడబడితే పెట్టెకు లోపలివైపు సొట్ట గానీ, తుప్పు గానీ, జిడ్డు గానీ ఉంది.

బుల్లెట్ మొన చాంబర్ కిందకు పొడుచుకుని ఆగుతోంది. మరికొన్నిసార్లు మొన పైకి లేచి ఆగుతోంది. రెండింటికీ కారణం ఒకటేనా?

కాదు, దాదాపు వ్యతిరేక కారణాలు.

మొన కిందికి దిగి ఆగితే తూటా ముందుభాగానికి కింది నుంచి తగినంత ఆధారం అందడం లేదు. స్ప్రింగ్ బలం తగ్గడం ఒక కారణం. శుభ్రం చేసిన తర్వాత స్ప్రింగ్‌ను తలకిందులుగానో, ముందువైపు వెనక్కి తిప్పో అమర్చడం ఇంకా తరచుగా చూసే కారణం. చాలా .22 మ్యాగజైన్లలో స్ప్రింగ్ పై చుట్టు ఒకవైపుకు ఏటవాలుగా ఉంటుంది. ఆ వాలు పలక ముందుభాగాన్ని ఎత్తి పట్టాలి. అందుకే విప్పేటప్పుడే ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

తూటాలు నింపే తీరు కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. పై తూటా అంచు ఎప్పుడూ కింది తూటా అంచుకు ముందు ఉండాలి. పైదాని అంచు వెనక్కి జారితే, బోల్ట్ దాన్ని ముందుకు తోసినప్పుడు అది కింది తూటా అంచును పట్టుకుని లాగుతుంది, రెండూ కలిసి ఇరుక్కుంటాయి. మ్యాగజైన్‌ను రొమ్ముజేబులో వేసుకుని తిరిగితే తూటాలు అలా కదలవచ్చు. గూటిలో పెట్టే ముందు మ్యాగజైన్ పైభాగాన్ని ఒకసారి కంటితో చూడడం అలవాటు చేసుకోండి.

మొన పైకి లేచి ఆగితే మ్యాగజైన్ పెదవులు విచ్చుకున్నాయని అనుమానించాలి. పైన లోపలికి మడిచిన ఆ రెండు రేకు అంచులే తూటాను పట్టి ఉంచి, అది చాంబర్‌లోకి సగం దూరం వెళ్ళాక విడిచిపెట్టాలి. అవి విచ్చుకుంటే తూటా ముందే విడుదలై పైకి ఎగురుతుంది. రెండు పెదవుల్లో ఒకటే వంగితే బుల్లెట్ ఎడమకో కుడికో తిరిగి చాంబర్ పక్క గోడను తాకుతుంది. డమ్మీ తూటా మీద ఒకేవైపు గీత పడితే ఇదే కారణం.

పెదవులను శ్రావణంతో నేనే సరిచేసుకోవచ్చా?

వద్దు. ఇది నేను గట్టిగా చెప్పే మాట. ఆ రేకు చాలావాటిలో ఉక్కుది. రెండు మూడు సార్లు అటూ ఇటూ వంచితే మొదట్లో నలిగిపోతుంది. తర్వాత చీలిక వస్తుంది, ఆ చీలిక కంటికి కనిపించదు. ఆకురాయితో రాస్తే పోయిన లోహం తిరిగి రాదు. అనుభవం ఉన్న మరమ్మతుదారు ఈ పని ఎలా చేస్తారో చూసిన తర్వాత నాకు భయం ఇంకా పెరిగింది. ముందుగా బాగా పనిచేసే మ్యాగజైన్ పెదవుల మధ్య దూరాన్ని ముందు, మధ్య, వెనుక అని మూడు చోట్ల వెర్నియర్‌తో కొలిచి కాగితం మీద రాసుకుంటారు. తర్వాత లోపం ఉన్నదాన్ని కొలుస్తారు. దవడలకు గాడులు లేని శ్రావణంతో, కంటికి తెలియనంత కదిపి, ప్రతిసారీ డమ్మీ తూటాతో పరీక్షిస్తారు. ఒక్క పెదవికి అరగంట పట్టడం నేను చూశాను.

చట్టం కూడా ఇదే చెబుతుంది. 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకుల మరమ్మతుకు ప్రత్యేక లైసెన్సు ఉండాలి. మీకున్నది ఆయుధం ఉంచుకునే లైసెన్సు మాత్రమే. శుభ్రం చేయడం, నూనె పెట్టడం, లోపం ఎక్కడుందో గుర్తించడం మీ పని. లోహాన్ని వంచడం, కోయడం, రాయడం లైసెన్సు ఉన్న మరమ్మతుదారు పని. రైఫిల్ తీసుకువెళ్ళేటప్పుడు లైసెన్సు పుస్తకం వెంట ఉంచుకుని, మరమ్మతుకు ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.

తూటా చాంబర్‌లోకి వెళ్తోంది, కానీ బోల్ట్ మూసుకోవడానికి బలం పెట్టవలసి వస్తోంది. ఇదీ మ్యాగజైన్ సమస్యేనా?

సాధారణంగా కాదు, చాంబర్‌దే. మందు మసి, మైనం, సీసం కలిసి చాంబర్ ముందుభాగంలో ఉంగరంలా పేరుకుంటాయి. లాంగ్ రైఫిల్ చాంబర్‌లో పొట్టి తూటాలు ఎక్కువగా కాల్చిన పాత రైఫిళ్ళలో ఈ ఉంగరం ఇంకా గట్టిగా ఉంటుంది. చాంబర్‌ను ద్రావకంతో తడిపి, కాసేపు నాననిచ్చి, కంచు బ్రష్‌తో వెనుకవైపు నుంచి శుభ్రం చేయండి.

మరో కారణం ఖాళీ రైఫిల్‌ను పదే పదే ట్రిగ్గర్ నొక్కడం. రిమ్‌ఫైర్ రైఫిల్‌లో ఫైరింగ్ పిన్ తూటా అంచును కొట్టేలా తయారవుతుంది. తూటా లేకపోతే, చాలా పాత నమూనాల్లో అది నేరుగా చాంబర్ అంచును కొడుతుంది. అక్కడ చిన్న గుంట పడి, పక్కనే లోహం మొనలా లేస్తుంది. ఆ మొన తూటాను లోపలికి వెళ్ళనివ్వదు, కాలిన కేసును బయటికి రానివ్వదు. టార్చిలైటు వేసి చాంబర్ వెనుక అంచును చూస్తే, పన్నెండు గంటల స్థానంలోనో, ఆరు గంటల స్థానంలోనో ఆ గుంట మెరుస్తుంది. దాన్ని సరిచేయడానికి ప్రత్యేకమైన పనిముట్టు ఉంది, అది మరమ్మతుదారు దగ్గర ఉంటుంది. ట్రిగ్గర్ సాధన చేయాలనుకునేవారు అందుకోసం తయారైన డమ్మీలనే వాడాలి.

కాలిన కేసు బయటికి రాకుండా, వెనకే రెండో తూటా వచ్చి గుద్దుకుంటోంది.

చూడడానికి తూటా అందడంలో లోపంలా కనిపించినా ఇది ఎక్స్‌ట్రాక్టర్ లోపం. దాని కొక్కెం కింద మసి గడ్డకట్టి ఉంటే పళ్ళు తోముకునే పాత బ్రష్‌తో శుభ్రం చేయండి. కొక్కెం మొన గుండ్రంగా అరిగి ఉంటే మార్పించాలి. కాలిన కేసు అంచును చూడండి: కొక్కెం జారిన చోట సన్నని గీత ఉంటుంది.

మొదటి తూటా గానీ, చివరి తూటా గానీ మాత్రమే ఎక్కడం లేదు. మధ్యవి బాగానే ఉన్నాయి.

మొదటిది ఎక్కకపోతే మ్యాగజైన్ నిండుగా ఉన్నప్పుడు స్ప్రింగ్ ఒత్తిడి మరీ ఎక్కువగా ఉందని అర్థం. కొత్త స్ప్రింగ్‌లలో ఇది సహజం. ఒక తూటా తక్కువ నింపి కొన్నాళ్ళు వాడండి. చివరిది ఎక్కకపోతే స్ప్రింగ్ అలసిపోయింది, లేదా పలక పైదాకా రావడం లేదు.

తూటాల కంపెనీ మారిస్తే లోపం పోతుందా?

కొన్నిసార్లు పోతుంది. గుండ్రటి మొన ఉన్న బుల్లెట్ ఎక్కే చోట, మొన తెగ్గోసినట్టుండేది ఆగిపోవచ్చు. మైనం ఎక్కువగా ఉన్న తూటా వేసవిలో, నలభై డిగ్రీలు దాటిన రోజున కారు డిక్కీలో ఉన్న తర్వాత, మ్యాగజైన్ లోపలి గోడకు అంటుకుంటుంది. తూటాల పెట్టెను ఎండలో వదలకండి. .22 మాగ్నమ్ తూటా వేరు. దాని ఒళ్ళు లావు, పొడవు ఎక్కువ. లాంగ్ రైఫిల్ కోసం చేసిన రైఫిల్‌లో దాన్ని ఎక్కించే ప్రయత్నం ఎన్నడూ చేయకూడదు.

ఎన్.సి.సి.లో వాడిన పాత రైఫిల్‌లో మ్యాగజైన్ పనిచేయడం లేదని చాలామంది అంటారు. నిజమేనా?

కొన్ని పాత శిక్షణ రైఫిళ్ళు, ఉదాహరణకు .303 నమూనా మీద తయారైన .22 నంబర్ 2 రైఫిల్, అసలు ఒక్కొక్క తూటా చేతితో పెట్టి కాల్చవలసినవే. కింద కనిపించే మ్యాగజైన్ పెట్టె కాలిన కేసులు పడడానికి ఉంచినది. పోటీల్లో వాడే 50 మీటర్ల రైఫిళ్ళు కూడా ఒక్కొక్క తూటా పెట్టేవే. వాటిలో లేని లోపాన్ని వెతకవద్దు.

మ్యాగజైన్ ఎంత తరచుగా, దేనితో శుభ్రం చేయాలి?

పలమనేరు వైపు నుంచి ఒక రైతు తన తండ్రి రైఫిల్ తీసుకొచ్చారు. రెండేళ్ళుగా తూటా సరిగ్గా ఎక్కడం లేదని, పెదవులు వంచమని అడిగారు. మ్యాగజైన్ అడుగు పలక జార్చి స్ప్రింగ్ బయటికి తీస్తే, దానితో పాటు ఎర్రమట్టి రంగు జిడ్డు ముద్ద ఒకటి వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్కిపోయిన కొబ్బరినూనె వాసన. తుప్పు పట్టకూడదని ఆయన ప్రతి దీపావళికీ శ్రద్ధగా కొబ్బరినూనె పోస్తూ వచ్చారు. ఆ నూనె ఏళ్ళ తరబడి చిక్కబడి, దుమ్మును పట్టి, మైనంతో కలిసి బంకలా మారింది. పెట్టె, స్ప్రింగ్, పలక మూడూ కడిగి ఆరబెట్టి తిరిగి పెడితే, పది డమ్మీ తూటాలూ ఒక్కసారి కూడా ఆగకుండా ఎక్కాయి. పెదవులను ఎవరూ ముట్టుకోలేదు.

కాబట్టి వంటనూనె, కొబ్బరినూనె వద్దు. ద్రావకంతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. స్ప్రింగ్‌కు తుప్పు రాకుండా కుట్టుమిషన్ నూనెను గుడ్డకు ఒక చుక్క అద్ది తుడిస్తే చాలు. లోపల నూనె నిలవకూడదు. అది దుమ్మును పిలుస్తుంది, తూటాలోకి ఇంకితే ప్రైమర్‌ను పాడుచేస్తుంది కూడా. రేంజ్‌కు వెళ్ళివచ్చిన ప్రతిసారీ పైపైన తుడిచి, ఐదారు వందల తూటాలకు ఒకసారి విప్పి శుభ్రం చేయడం నేను పాటించే లెక్క.

ఎన్నికలప్పుడు ఆయుధం డిపాజిట్ చేసి తిరిగి తెచ్చుకున్న తర్వాత తూటా ఎక్కడం లేదు. ఏం జరిగి ఉంటుంది?

ఎన్నికల నియమావళి అమల్లో ఉన్నన్నాళ్ళు లైసెన్సు ఆయుధాలను అప్పగించమని మన జిల్లాల్లో అడుగుతారు. 2024 సార్వత్రిక ఎన్నికల్లో మార్చి 16 నుంచి జూన్ మొదటి వారం దాకా నియమావళి అమల్లో ఉంది. అంటే దాదాపు మూడు నెలలు రైఫిల్ మీ చేతిలో ఉండదు. అప్పగించే ముందు రైఫిల్, మ్యాగజైన్ రెండింటినీ పొడిగా తుడిచి, లోహానికి పల్చగా నూనె పట్టించి, మ్యాగజైన్‌ను ఖాళీ చేసి విడిగా గుడ్డసంచిలో ఉంచి, రసీదులో దాని ప్రస్తావన ఉండేలా చూసుకోండి. ప్లాస్టిక్ కవరులో బిగించి కట్టకండి, లోపలి తేమ బయటికి పోదు. తిరిగి తెచ్చుకున్నాక స్ప్రింగ్ చుట్లలో తుప్పు ఉందేమో చూసి, డమ్మీలతో ఒకసారి పరీక్షించాకే రేంజ్‌కు వెళ్ళండి.

ఎప్పుడు మరమ్మతు మానుకుని కొత్త మ్యాగజైన్ కొనాలి?

పెదవుల దగ్గర వెంట్రుకంత చీలిక కనిపించినా, పెట్టె అతుకు విడిపోయినా, స్ప్రింగ్ మార్చిన తర్వాత కూడా అదే చోట ఆగుతున్నా ఇక దాని మీద సమయం పెట్టకండి. ఆయుధాల చట్టంలో ఆయుధ భాగాలు కూడా ఆయుధం నిర్వచనంలోకే వస్తాయి, కాబట్టి లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర, మీ లైసెన్సు చూపించి, మీ రైఫిల్ నమూనా పేరు చెప్పి కొనండి. డబ్బు చెల్లించే ముందు కొత్త మ్యాగజైన్‌ను ఖాళీ రైఫిల్‌లో పెట్టి, పట్టు పడిన చప్పుడు విని, కిందికి లాగి చూసి, డీలర్ దగ్గర డమ్మీ తూటాలు ఉంటే వాటితో నింపి, బోల్ట్ నెమ్మదిగా ఒకసారి, వేగంగా ఒకసారి ఆడించి చూడండి. ఇంటికి తెచ్చాక దాని అడుగున చిన్నగా నంబరు వేసి, పాతదాన్ని విడిగా పెట్టండి. రెండూ ఒకే సంచిలో కలిసిపోతే, మళ్ళీ తూటా ఆగిన రోజున ఏది ఏదో తెలియక మొదటి నుంచి వెతకవలసి వస్తుంది.